శవపేటికల వ్యాపారి చార్ల్స్ డిగ్స్ సెనేటర్ అయిన కథ వెనక: డెట్రాయిట్ నుంచి మిసిసిపీ దాకా

గురువారం, డెట్రాయిట్

మిషిగన్ వచ్చిన చుట్టాలని మనవాళ్ళు మామూలుగా మెకినాక్ ఐలాండ్ కో, ఇంకాస్త ఓపిక ఉంటే నయాగరాకో తీసుకెళ్తారు కదా, నేను మాత్రం దిగగానే బావతో "ముందు ఐ-375 చూపించు బావా" అన్నాను. "హైవే చూడ్డానికి వచ్చావేంట్రా ఇంత దూరం" అని ఒకటే నవ్వు. బావ ట్రాయ్ లో పదేళ్ళ పైనుంచి ఉంటున్నాడు, ఆ రోడ్డు మీద లెక్కలేనన్ని సార్లు వెళ్ళాడు, దాని కింద ఏముందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదట.

చూడ్డానికి అక్కడ నిజంగానే ఏమీ లేదు. డౌన్‌టౌన్ పక్కన గొయ్యి తవ్వినట్టు కిందకి దిగి, మైలు దూరంలో అయిపోయే హైవే. కానీ అది హేస్టింగ్స్ స్ట్రీట్ మీద వేసిన రోడ్డు. బ్లాక్ బాటమ్, పారడైజ్ వ్యాలీ అని రెండు పేటలు ఉండేవి ఇక్కడ, దక్షిణాది రాష్ట్రాల నుంచి ఫ్యాక్టరీ పని కోసం వచ్చిన నల్లజాతి కుటుంబాలు ఇంకెక్కడా ఇల్లు అద్దెకి ఇవ్వక ఇక్కడే సర్దుకున్నాయి, అలా సర్దుకున్న చోటే డాక్టర్లు, హోటళ్ళు, జాజ్ క్లబ్బులు, చర్చిలు, మందుల షాపులు అన్నీ వాళ్ళవే పుట్టుకొచ్చాయి. 1950ల్లో అర్బన్ రెన్యూవల్ అని ఇళ్ళు కూలగొట్టారు, 1964 లో ఈ హైవే తెరిచారు. పక్కనే లఫయెట్ పార్క్ అని మీస్ వాన్ డెర్ రో అనే పేరున్న ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన అద్దాల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, ఆర్కిటెక్చర్ పిచ్చోళ్ళు ఫొటోలు తీసుకోడానికి వస్తారు. అందంగానే ఉన్నాయి, కాదనను. కానీ ఎవరి ఇళ్ళు పోయిన చోట కట్టారో తెలిశాక కెమెరా తీయబుద్ధి కాలేదు.

నేను వెతుక్కుంటూ వచ్చింది ఆ పాత నల్లజాతి డెట్రాయిట్ లో పేరు మోసిన ఒకాయన కోసం. చార్ల్స్ డిగ్స్ సీనియర్. 1894 లో మిసిసిపీలో టలూలా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు, 1913 లో డెట్రాయిట్ వచ్చాడు, అంటే ఫోర్డ్ కంపెనీ రోజుకి 5 డాలర్ల జీతం ప్రకటించి దేశం మొత్తాన్ని ఇటు లాగడానికి ఇంకొక ఏడాది ముందే. 1921 ప్రాంతంలో ఫ్యునరల్ హోమ్ (అంత్యక్రియలు జరిపించే సంస్థ) పెట్టాడు, పేరు హౌస్ ఆఫ్ డిగ్స్. పెరిగి పెరిగి రాష్ట్రంలోనే అతి పెద్ద ఫ్యునరల్ హోమ్ అని చెప్పుకునేంత అయింది. ఆయనే 1936 ఎన్నికల్లో గెలిచి మిషిగన్ రాష్ట్ర సెనేట్ లో కూర్చున్న మొదటి నల్లజాతి డెమోక్రాట్ అయ్యాడు. (అంతకు ముందు చార్ల్స్ రాక్స్‌బరో అని ఒక రిపబ్లికన్ ఉన్నాడు, ఆయన లాయర్.)

శవాల పని చేసేవాడు ఎమ్మెల్యే ఎలా అయ్యాడు అని బావకి అనుమానం. మన దగ్గర ఆ పని చేసేవాళ్ళని ఊరు ఎక్కడ ఉంచిందో తెలుసు కాబట్టి ఆ అనుమానం సహజమే. ఇక్కడ లెక్క వేరే. ఫ్యునరల్ డైరెక్టర్ అంటే లైసెన్సు ఉన్న మనిషి, శవాన్ని పాడవకుండా ఎంబామింగ్ చేయాలి, ముఖం చూసుకునేలా తయారు చేయాలి, పేటిక, కారు, చర్చి, పాస్టర్, శ్మశానం, పేపర్లో వార్త, డెత్ సర్టిఫికెట్ అన్నీ ఆయన చేతి మీదుగానే జరగాలి. అసలు కిటుకు ఏంటంటే తెల్లవాళ్ళ ఫ్యునరల్ హోములు చాలావరకు నల్లవాళ్ళ శవాలని ముట్టుకునేవి కావు. సో ఆ వ్యాపారంలో పోటీ లేదు, కస్టమర్లందరూ సొంత జనమే. టీచర్ అయితే స్కూల్ బోర్డు పీకేస్తుంది, ఫ్యాక్టరీ వాడైతే ఫోర్‌మన్ పీకేస్తాడు, కౌలు రైతు అయితే దొర పొలంలోంచి గెంటేస్తాడు, మరి అండర్‌టేకర్ ని (ఫ్యునరల్ డైరెక్టర్ కి ఇంకో పేరు) ఎవడు పీకేస్తాడు? పైగా ప్రతి ఇంట్లోకి అతి కష్టమైన రోజున వెళ్ళిన మనిషి, ప్రతి పాస్టర్ తెలుసు, కార్లు ఉన్నాయి, చేతిలో క్యాష్ ఉంది. ఎన్నికల్లో నిలబడ్డానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ లో 1963 లో పౌరహక్కుల ఉద్యమకారుల కోసం బెయిల్ డబ్బు కట్టిన ఎ.జి. గాస్టన్ కూడా ఫ్యునరల్ హోమ్ ఓనరే.

సాయంత్రం రివర్‌వాక్ కి వెళ్ళాం, ఎదురుగా నది అవతల కెనడా. ఒకప్పుడు ఇక్కడి నుంచే బాబ్‌లో ఐలాండ్ కి స్టీమర్లు వెళ్ళేవి. దాని సంగతి రేపు చెప్తా, లాన్సింగ్ తో లింకు ఉంది.

శుక్రవారం, లాన్సింగ్

గంటన్నర డ్రైవ్. దారంతా బావ ఆఫీస్ కాల్ లోనే ఉన్నాడు, మ్యూట్ తీయడం, "యా, సౌండ్స్ గుడ్" అనడం, మళ్ళీ మ్యూట్.

మిషిగన్ కాపిటల్ 1879 లో తెరిచిన బిల్డింగ్, డోమ్ కింద నిలబడితే కాళ్ళ కింద గాజు పలకలు ఉంటాయి, కింద ఫ్లోర్ కి వెలుతురు కోసం పెట్టారట, దాని మీద నడుస్తుంటే కాస్త భయమే. ఇంకో సరదా విషయం ఏంటంటే తలుపులు, చెక్క పని అంతా వాల్‌నట్ లాగా కనిపిస్తుంది గానీ అది చవక పైన్ చెక్క మీద చేత్తో వేసిన పెయింటింగ్. ఖరీదైన చెక్కకి డబ్బుల్లేక అలా చేశారు. మనకి తెలిసిన కాంట్రాక్టర్లు చూస్తే చాలా సంతోషిస్తారు.

సెనేట్ గ్యాలరీలో కూర్చున్నాం, కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. 1937 లో డిగ్స్ ఇక్కడ ఒక బిల్లు పాస్ చేయించాడు, జనం దాన్ని డిగ్స్ లా అనే పిలిచారు. హోటల్, రెస్టారెంట్, థియేటర్, బస్సు, పడవ ఇలాంటి చోట్ల రంగు చూసి తిప్పి పంపిస్తే అది నేరం. మిషిగన్ లో అలాంటి చట్టం 1885 నుంచే ఉంది, కానీ ఎవడూ పట్టించుకునేవాడు కాదు, డిగ్స్ దాన్ని దుమ్ము దులిపి పదును పెట్టాడు. 1937 అని మళ్ళీ చూడండి, కేంద్రం ఇలాంటి చట్టం తెచ్చింది 1964 లో.

ఇప్పుడు బాబ్‌లో సంగతి. 1945 జూన్ లో సారా ఎలిజబెత్ రే అనే అమ్మాయి తన క్లాస్ వాళ్ళతో కలిసి బాబ్‌లో పిక్నిక్ కి స్టీమర్ ఎక్కింది, బ్యాచ్ లో నల్లమ్మాయి ఆమె ఒక్కతే, కంపెనీ వాళ్ళు ఆమెని దింపేశారు. ఆమె ఊరుకోలేదు, కేసు పెట్టింది. కంపెనీ వాదన ఏంటంటే మా పడవ కెనడా దీవికి వెళ్తుంది, అది అంతర్జాతీయ వ్యవహారం, మీ మిషిగన్ చట్టం మాకు వర్తించదు అని. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1948 లో 7-2 తేడాతో కంపెనీ ఓడిపోయింది. అంటే ఈ గదిలో ఒక అండర్‌టేకర్ పట్టుబట్టి పాస్ చేయించిన చట్టం నది మధ్యలో పడవ మీద పనిచేసింది. నాకు ఈ మొత్తం ట్రిప్ లో బాగా నచ్చిన విషయం ఇదే, బావకి ఫోన్ పెట్టేశాక రెండు సార్లు చెప్పాను.

ఇక్కడే ఆయన కథ తిరగబడింది కూడా. 1940ల్లో మిషిగన్ లెజిస్లేచర్ లో లంచాల మీద పెద్ద విచారణ నడిచింది, ఒకే జడ్జి గ్రాండ్ జ్యూరీలాగా (కేసు పెట్టాలా వద్దా తేల్చే బృందం) కూర్చునే పద్ధతి. డజన్ల కొద్దీ పేర్లు బయటికొచ్చాయి, సాక్ష్యం చెప్పాల్సిన సెనేటర్ వారెన్ హూపర్ ని 1945 జనవరిలో కారులో కాల్చి చంపేశారు, సినిమా స్టోరీలాగే ఉంటుంది. డిగ్స్ కి 1944 లోనే శిక్ష పడింది, జైలుకెళ్ళాడు. రంగు వల్ల ఆయన్ని ఎక్కువగా టార్గెట్ చేశారేమో అని నాకు డౌటు ఉంది, అలాగని చేతులు శుభ్రం అని కూడా అనలేను, జ్యూరీ దోషి అంది.

ట్విస్ట్ ఏంటంటే బయటికొచ్చి 1950 లో మళ్ళీ పోటీ చేశాడు, జనం మళ్ళీ గెలిపించారు. సెనేట్ మాత్రం మేం ఈయన్ని కూర్చోనివ్వం అని ఓటేసి గేటు దగ్గరే ఆపేసింది. ఆ ఖాళీ సీటుకి ఆయన కొడుకు నిలబడ్డాడు. చార్ల్స్ డిగ్స్ జూనియర్, ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు. తేలిగ్గా గెలిచి 1951 లో ఇదే హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. "మా నాన్నని రానివ్వలేదు కదా, ఇదిగో నేను" అన్నట్టు. మన వైపు ఇది కొత్త కాదు, కానీ మన దగ్గర తండ్రి సీటు కొడుక్కి పార్టీ ఇస్తుంది, ఇక్కడ సెనేట్ మీద కోపంతో పేట మొత్తం ఇచ్చింది.

శనివారం, వారెన్

పొద్దున్నే థర్టీన్ మైల్ రోడ్డు మీద డెట్రాయిట్ మెమోరియల్ పార్క్ అనే శ్మశానానికి వెళ్ళాం. బావ ఇంటికి ఇరవై నిమిషాలు. శనివారం పొద్దున శ్మశానం ఏంటని అక్క ఫోన్ లో తిట్టింది, ఇంటికొచ్చాక ఇద్దర్నీ స్నానం చేసి గానీ వంటింట్లోకి రావద్దంది.

1925 లో నల్లజాతి ఫ్యునరల్ డైరెక్టర్లు, వ్యాపారులు కలిసి చందాలేసుకుని కొన్న భూమి ఇది, ఆ గుంపులో డిగ్స్ కూడా ఉన్నాడు. ఎందుకు కొనాల్సొచ్చిందంటే తెల్లవాళ్ళ శ్మశానాల్లో నల్లవాళ్ళని అసలు రానివ్వకపోవడం, రానిచ్చినా వేరే మూల, వేరే టైము. చచ్చాక కూడా లైన్లో నిలబడాలన్నమాట. వీళ్ళు భూమి కొన్నారు, దాన్ని కంపెనీ చేసి షేర్లు అమ్మారు, వచ్చిన డబ్బుతో బ్యాంకులు లోన్ ఇవ్వని నల్ల కుటుంబాలకి ఇళ్ళ లోన్లు కూడా ఇచ్చారు. శ్మశానం హోమ్ లోన్ ఇవ్వడం ఎక్కడైనా విన్నారా? ఇంకో విడ్డూరం కూడా ఉంది, వారెన్ అనే ఈ ఊరు తర్వాత దశాబ్దాల పాటు నల్లవాళ్ళని ఇల్లు కొననివ్వని ఊరిగా పేరు తెచ్చుకుంది. పడుకోడానికి ఆరడుగులు దొరికాయి, ఉండడానికి దొరకలేదు.

లోపల బాగా ప్రశాంతం, పెద్ద చెట్లు, రాళ్ళు ఎక్కువగా నేల మట్టానికే ఉన్నాయి. రైలింజన్లకి ఆటోమేటిక్ గా ఆయిల్ పెట్టే పరికరం కనిపెట్టిన ఎలైజా మెకాయ్ సమాధి ఇక్కడే, సుప్రీమ్స్ అనే పాటల గ్రూపు ఫ్లోరెన్స్ బల్లార్డ్ ది కూడా.

క్రితం ఏడాది బావ వాళ్ళ తెలిసినాయన పోతే నోవై దగ్గర ఒక ఫ్యునరల్ హోమ్ లో చేశారట. పంతులుగారు వచ్చి మంత్రాలు చదివారు, కొడుకు బటన్ నొక్కాడు, ఇండియాలో ఉన్నవాళ్ళు జూమ్ లో చూశారు. "ఆ ఫ్యునరల్ హోమ్ తెల్లాయన మనకి కావాల్సినవన్నీ లిస్టు రాసుకుని ఉంచాడురా, బియ్యపు పిండి దగ్గర్నుంచి" అన్నాడు బావ. ఇప్పుడు మనం ఫోన్ చేస్తే ఎవరైనా ఎత్తుతారు. వందేళ్ళ కింద ఇదే ఊళ్ళో ఫోన్ ఎత్తని చోట డిగ్స్ లాంటి వాళ్ళు షాపు తెరిచారు.

మధ్యాహ్నం చార్ల్స్ రైట్ మ్యూజియం, నల్లజాతి చరిత్రది. పాత డెట్రాయిట్ వీధిని సెట్ లాగా కట్టారు, తప్పకుండా చూడండి, టైమ్ పెట్టుకుని వెళ్ళండి. గుండ్రటి హాలులో 2005 లో పౌరహక్కుల ఉద్యమకారిణి రోజా పార్క్స్, 2018 లో గాయని అరీథా ఫ్రాంక్లిన్ పోయినప్పుడు వాళ్ళ భౌతికకాయాలని జనం చూసుకోడానికి ఉంచారు. ఇంటికెళ్ళాక అక్క పెట్టిన గోంగూర గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది, వదిలేద్దాం.

ఆదివారం, మెంఫిస్ మీదుగా డెల్టా

డెట్రాయిట్ నుంచి మెంఫిస్ ఫ్లైట్, అక్కడ కారు అద్దెకి తీసుకుని హైవే 61 మీద దక్షిణానికి, మిసిసిపీ డెల్టాలోకి. కాసేపటికి కొండలన్నీ మాయమై నేల పలకలా పరుచుకుంది, పత్తి పొలాలు, మధ్య మధ్యలో క్యాట్‌ఫిష్ చెరువులు, గట్ల మీద ఏరేటర్లు. అచ్చం కైకలూరు పక్కన తిరుగుతున్నట్టే ఉంది, కొంగలతో సహా.

మేం ఇటు వచ్చింది జూనియర్ కోసం, ఆయన గురించి చెప్పాలి కదా. రెండో ప్రపంచ యుద్ధంలో ఎయిర్ ఫోర్స్ లో పని చేసి వచ్చాడు, 1946 లో వేన్ కాలేజీలో మార్చురీ సైన్స్ (శవాల్ని అంత్యక్రియలకి తయారు చేసే చదువు) పూర్తి చేశాడు. హౌస్ ఆఫ్ డిగ్స్ పేరుతో రేడియో ప్రోగ్రాం నడిపేవాడు, గాస్పెల్ పాటలు, వార్తలు, మధ్యలో ఆయన మాటలు. అంత్యక్రియల యాడ్ అనుకుని వినేవాళ్ళు చివరికి ఓటర్లు అయ్యారు. 1954 లో సొంత పార్టీ సిట్టింగ్ ఎంపీని ప్రైమరీలో (పార్టీ లోపలి ఎన్నిక) ఓడించి వాషింగ్టన్ వెళ్ళాడు, మిషిగన్ నుంచి కాంగ్రెస్ కి (అమెరికా పార్లమెంటు) వెళ్ళిన మొదటి నల్లజాతి మనిషి.

రాత్రి క్లార్క్స్‌డేల్ లో బస. మోటల్ ఓనర్ గుజరాతీ ఆయన, మమ్మల్ని చూసి చాయ్ ఇచ్చాడు. టిఫిన్ కి టమాలేలు దొరికాయి, మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి పొట్టుతో చుట్టి ఉడికిస్తారు, కారంగా బావున్నాయి.

సోమవారం, సమ్నర్

దారిలో టట్‌వైలర్. 1955 ఆగస్టులో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ షికాగో నల్లజాతి కుర్రాడిని తెల్లవాళ్ళు ఎత్తుకెళ్ళి చంపి టల్లహాచీ నదిలో పడేశారు, మెడకి జిన్నింగ్ మిల్లు ఫ్యాన్ కట్టి. శవాన్ని షికాగో రైలుకి తయారు చేసింది ఈ టట్‌వైలర్ లోని ఫ్యునరల్ హోమ్ లోనే. ఈ కేసులో మలుపు తిప్పిన చోటల్లా ఒక అండర్‌టేకర్ కనిపిస్తాడు. నది దగ్గరికి వెళ్ళి శవాన్ని తీసుకున్నది గ్రీన్‌వుడ్ కి చెందిన నల్లజాతి అండర్‌టేకర్ చెస్టర్ మిల్లర్, వేలికి ఉంగరం ఉందని చూసింది ఆయన, ఆ ఉంగరం వల్లే శవం ఎవరిదో తేలింది, తర్వాత తెల్లవాళ్ళతో నిండిన కోర్టులో నిలబడి ఆ మాట చెప్పింది కూడా ఆయనే. షెరిఫ్ అప్పటికప్పుడు అక్కడే పూడ్చేయమన్నాడు. కుటుంబం ఒప్పుకోలేదు. షికాగోలో రేనర్ ఫ్యునరల్ హోమ్ లో తల్లి మేమీ టిల్ కొడుకుని ఏం చేశారో అందరూ చూడాలని పెట్టె తెరిచి ఉంచమంది, ప్రపంచమంతా చూసింది.

సమ్నర్ చాలా చిన్న ఊరు, నడిబొడ్డున టిల్ హత్య కేసు నడిచిన కోర్టు. పైన హాలుని 1955 లో ఉన్నట్టే బాగు చేశారు. ఎదురుగా ఇంటర్‌ప్రెటివ్ సెంటర్, ముందు అక్కడికెళ్తే వాళ్ళే కోర్టు చూపిస్తారు. 2023 నుంచి ఇది జాతీయ స్మారకం.

సెప్టెంబరులో ఐదు రోజుల విచారణ, ఆ ఉక్కలో ఒక రోజు జూనియర్ డిగ్స్ డెట్రాయిట్ నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. జడ్జికి ముందే ఉత్తరం రాశాడు. నల్లజాతి రిపోర్టర్ జేమ్స్ హిక్స్ ఆయన కార్డు తీసుకెళ్ళి ఇస్తే, అక్కడి డెప్యూటీలకి నల్లవాడు కాంగ్రెస్ సభ్యుడు కావడం అసలు చట్టంలో ఉందా అని డౌటు వచ్చిందట. వెటకారం కూడా కాదు, నిజం డౌటే. చివరికి జడ్జి రానిచ్చాడు, నల్ల రిపోర్టర్లకి మూలన వేసిన పేకాట బల్ల లాంటి చిన్న బల్ల దగ్గర ఈయన్నీ కూర్చోబెట్టారు. దేశం పార్లమెంటు సభ్యుడు! ఆ బల్ల ఉండే చోట నిలబడి చూశాం, జ్యూరీ ముఖాలు కూడా సరిగ్గా కనబడవు. జ్యూరీ 67 నిమిషాల్లో నిందితులు నిర్దోషులు అని తేల్చేసింది.

మంగళవారం, మౌండ్ బయూ, తిరుగు ప్రయాణం

1887 లో ఒకప్పటి బానిసలు కట్టుకున్న ఊరు మౌండ్ బయూ. మేయర్, పోలీసు, బ్యాంకు అన్నీ వాళ్ళే. డాక్టర్ టి.ఆర్.ఎం. హోవర్డ్ ఇక్కడ ఉండేవాడు, 1955 ఏప్రిల్ లో ఆయన పెట్టిన సభకి పదివేల మందికి పైగా వస్తే కొత్త ఎంపీ డిగ్స్ వచ్చి మాట్లాడాడు. విచారణ రోజుల్లో మేమీ టిల్, డిగ్స్ ఉన్నది ఆ డాక్టర్ ఇంట్లోనే, చుట్టూ తుపాకులతో కాపలా. ఇప్పుడు ఊళ్ళో జనం పల్చబడ్డారు, పాత టబోరియన్ హాస్పిటల్ బిల్డింగ్ ఉంది, కాఫీ కోసం వెతికితే దొరకలేదు.

పద్దెనిమిదేళ్ళ విల్లీ రీడ్ అనే కుర్రాడు హంతకులకి ఎదురు సాక్ష్యం చెప్పాడు, చెప్పాక ఇక్కడ బతకనివ్వరు కాబట్టి రాత్రికి రాత్రి నడిచి, దాచిన కారు ఎక్కి మెంఫిస్ చేరాడు, అక్కడి నుంచి షికాగోకి ఫ్లైట్ లో పక్కన కూర్చుని తీసుకెళ్ళింది డిగ్స్. మెంఫిస్ ఎయిర్‌పోర్టులో ఈ మాట చెప్తే బావ మొదటిసారి ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

తర్వాత గూగుల్ చేసి అసలు గొడవ మొదలుపెట్టాడు. "మరి ఈయన కూడా జైలుకెళ్ళాడు కదరా?" అవును. కాంగ్రెషనల్ బ్లాక్ కాకస్ (కాంగ్రెస్ లో నల్లజాతి సభ్యుల బృందం) కి 1971 లో మొదటి ఛైర్మన్, ఆఫ్రికా వ్యవహారాల సబ్‌కమిటీ ఛైర్మన్, వాషింగ్టన్ నగరానికి సొంత పాలన తెచ్చిన చట్టంలో ముందున్నవాడు, అదే మనిషి ఆఫీసు స్టాఫ్ జీతాలు పెంచి ఆ పెంచిన డబ్బు తన ఖర్చులకి వాడుకున్నాడని 1978 లో దోషిగా తేలాడు. నెల తిరిగేసరికి జనం మళ్ళీ గెలిపించారు, తండ్రి విషయంలో లాగే. 1979 లో సభ 414-0 తో తప్పుపడుతూ తీర్మానం (సెన్షర్) చేసింది, 1980 లో రాజీనామా చేసి జైలుకెళ్ళాడు. బయటికొచ్చి మేరీల్యాండ్ లో మళ్ళీ ఫ్యునరల్ హోమే పెట్టుకున్నాడు. 1998 లో పోయాడు, ఆయన్నీ మేం శనివారం చూసొచ్చిన ఆ వారెన్ శ్మశానంలోనే పెట్టారు.

బావ ఓటు కొడుక్కే, ఆ కోర్టులో ఆ బల్ల దగ్గర కూర్చోడానికి గుండె కావాలి అంటాడు. నేను తండ్రి వైపు. కోర్టులో కూర్చోవడం కొడుకు చేసిన గొప్ప పనే, కానీ పడవ మీంచి దింపేసిన అమ్మాయి చేతికి కేసు వేయడానికి చట్టం ఇచ్చింది తండ్రి. "లంచం తిన్నాడు కదరా మరి" అన్నాడు బావ, "ఇద్దరూ తప్పు చేసి జైలుకెళ్ళినవాళ్ళే కదా బావా, అది రెండు వైపులా కొట్టేయ్" అన్నాను. ఫ్లైట్ డెట్రాయిట్ లో దిగేదాకా వాదించుకున్నాం, ఒప్పుకోలేదు, ఇంటికెళ్ళి అక్కని అడుగుదాం అన్నాడు.